వేలాడే స్తంభం కింద తువ్వాలు

మా చిలమత్తూరుకు లేపాక్షి పక్కూరు కిందే లెక్క. అక్కడ వీరభద్రస్వామి గుడిలో వేలాడే స్తంభం ఉంది. చూడ్డానికి అదీ మిగతా స్తంభాల మాదిరే నడుం బిగించి మండపాన్ని మోస్తున్నట్టే ఉంటుంది. కింద మాత్రం, ఒక మూల తప్ప, నేలకు ఆనదు. వచ్చిన ప్రతివాడూ భుజం మీది తువ్వాలు తీసి ఈ పక్క నుంచి దూర్చి ఆ పక్క నుంచి లాగుతాడు. తువ్వాలు బయటికొస్తే సంబరపడతాడు. పక్కవాడు నమ్మకుండా మళ్ళీ తన తువ్వాలు దూరుస్తాడు.

మా వైపు జనానికి ఇంజనీరింగు చదువు తక్కువైనా, తనిఖీ అంటే ఏమిటో ఆ తువ్వాలే నేర్పింది. స్తంభం ఎంత లావుగా ఉంది, దాని మీద బొమ్మలు ఎంత అందంగా ఉన్నాయి అన్నది కాదు చూడాల్సింది. కింద సందు ఉందా లేదా? అంతే. ఇంత చిన్న సంగతి బొత్తిగా పట్టనిది విమానాశ్రయాల్లో భద్రత చూసే పెద్దలకే.

తనిఖీ శాస్త్రంలో మాకు ఇంకో విశ్వవిద్యాలయం కూడా ఉంది. దాని పేరు కొడికొండ చెక్‌పోస్టు. 44వ నంబరు జాతీయ రహదారి మీద ఆంధ్ర అయిపోయి కర్ణాటక మొదలయ్యే చోటు. 2017 జులైలో జీఎస్టీ వచ్చాక పన్నుల చెక్‌పోస్టుల కాలం చెల్లింది గానీ ఊరిపేరుకు అంటుకున్న చెక్‌పోస్టు ఊడలేదు. బస్సు కండక్టరు ఇప్పటికీ "చెక్‌పోస్ట్ దిగేవాళ్ళు రండప్పా" అనే అరుస్తాడు. సరిహద్దులో పుట్టినవాడికి ఏ గేటు చూసినా మూడు పాఠాలు గుర్తొస్తాయి. గేటు ఉన్నది ఆపడానికి కాదు, ఆపుతున్నట్టు కనబడటానికి. బండి ఎంత చిన్నదైతే సోదా అంత పెద్దది. సైరను మోగే బండిని చూస్తే గేటు దానంతటదే లేస్తుంది.

ఈ మూడూ వంటబట్టించుకుని మావాళ్ళు విమానం ఎక్కడానికి బయల్దేరతారు. మా జిల్లాలో విమానాశ్రయం లేదని కాదు. పుట్టపర్తిలో 1990 నుంచి ఉంది. అక్కడ దిగేవి ఎక్కువగా పెద్దమనుషుల ప్రత్యేక విమానాలు. మాబోటి వాళ్ళకు బాగేపల్లి, చిక్కబళ్ళాపురం దాటి దేవనహళ్ళి దగ్గర 2008లో తెరిచిన బెంగళూరు విమానాశ్రయమే గతి. కువైట్‌లో ఇంటిపనికి పోయే ఆడబిడ్డలూ, అమెరికాలో మనవడిని ఎత్తుకోడానికి పోయే అవ్వాతాతలూ, ఇనుప పెట్టెకు నైలాను తాడు కట్టుకుని ఆ దారినే పోతారు.

మా అవ్వ కూడా అట్లాగే ఒకసారి అమెరికా బయల్దేరింది. ఏ విమానాశ్రయమో చెప్పను. చెప్పినా మీకు ఒరిగేదేం లేదు, అన్నిచోట్లా అదే కథ. పెద్దపెట్టెలో ఓళిగలు, చెనక్కాయల పొడి పెట్టి, మనవడికి అన్నిటికంటే ఇష్టమైన ఊరిబిండి డబ్బాను మాత్రం చేతిసంచిలో వేసుకుంది. చేతిలో ఉంటేనే కదా నమ్మకం!

ఎక్స్‌రే యంత్రం దగ్గర సంచి ఆగిపోయింది.

"యే క్యా హై?" అన్నాడు జవాను.

"ఊరిబిండి నాయనా. చెనక్కాయలు, ఎండుమిరపకాయలు, చింతపండు యేసి నూరినా. రోంత రుచి చూస్తావా?"

జవాను ఇంకొకరిని పిలిచాడు. ఆయన మరొకరిని పిలిచాడు. ముగ్గురూ మూత తీసి, వాసన చూసి, వంచి, ఊపి, చివరికి తీర్పు చెప్పారు: ఇది ద్రవం. విదేశీ ప్రయాణంలో వంద మిల్లీలీటర్లకు మించి ద్రవం చేతిసంచిలో కుదరదు.

నేను తెలుగులో చెప్పేసరికి అవ్వకు రోషం వచ్చింది. "ద్రవమా? గట్టిగా నూరినా గదప్పా! తీసి గోడకేసి కొడితే అతుక్కుంటాది గానీ కారదే!"

వాదం బాగానే ఉంది. కానీ నిబంధన దృష్టిలో అతుక్కునేది, జారేది, పూసుకునేది, నంజుకునేది అన్నీ ద్రవాలే. అట్లాంటిక్ మీద పోయే విమానాలను ద్రవ పేలుడు పదార్థాలతో కూల్చాలని కొందరు కుట్రపన్ని 2006 ఆగస్టులో లండన్‌లో దొరికిపోయారు. ఆ పాపం తిరిగి తిరిగి చిలమత్తూరు ఊరిబిండికి చుట్టుకుంది. ప్రపంచ శాంతి కోసం మా అవ్వ తన డబ్బాను త్యాగం చేసింది. వాళ్ళు దాన్ని తీసి, వందమంది నిలబడున్న వరస పక్కనే ఉన్న చెత్తబుట్టలో దబ్బున పడేశారు. పేలుతుందేమోనని అనుమానం ఉన్న వస్తువుకు జరిగిన సత్కారం అది.

తర్వాత అవ్వ ద్వారం దాటితే కీచుమంది. కాలి కడియాలు, మెట్టెలు. యాభై ఏళ్ళ కింద తాత తొడిగినవి. వాటిని తీయాలంటే సబ్బునీళ్ళూ కంసాలీ కావాలి. తెర వెనక తడిమి చూసిన ఆడజవాను మాత్రం మంచి పిల్ల. "అమ్మా, బైఠో" అని కుర్చీ వేసి, వంగి తానే చూసి పంపింది. ఆ పిల్ల పని ఆ పిల్ల సరిగ్గా చేసింది. అవ్వను ఆపినందుకు నాకు కోపం లేదు. నిబంధన నిబంధనే. అవ్వకు వర్తించినంత గట్టిగా అది ఇంకెవరికి వర్తిస్తుందా అని వెతకడం మొదలుపెట్టాను. అక్కడే తువ్వాలు దూరిపోయింది.

మన భద్రత చరిత్ర తిరగేస్తే, దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగిన వైనమే ప్రతి పుటలోనూ ఉంటుంది. 1985లో కనిష్క విమానం పేలింది, 1987లో పౌర విమానయాన భద్రతకు విడిగా ఒక శాఖ ఏర్పడింది. 1999 డిసెంబరు 24న ఖాట్మండూ నుంచి వస్తున్న విమానాన్ని కాందహార్‌కు ఎత్తుకుపోయారు, 2000 ఫిబ్రవరిలో జైపూర్‌తో మొదలుపెట్టి విమానాశ్రయాలను సీఐఎస్ఎఫ్ చేతికిచ్చారు. 2001 డిసెంబరులో ఒకడు బూటులో బాంబు పెట్టుకుని అమెరికా విమానం ఎక్కాడు, లోకమంతా బూట్లు విప్పింది. ఎవడు ఎక్కడ దాచి తెస్తే ఆ చోటు వెతకడమే మన విద్య. ఇప్పటిదాకా ఎవడూ పంచెలో దాచలేదు కాబట్టి మా తాతల మానం నిలిచింది.

నవ్వింది చాలు. కనిష్క దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. ఆ విమానంలో 329 మంది చనిపోయారు. ఎట్లా జరిగింది?

ముందురోజు కెనడాలోని వాంకూవర్‌లో మారుపేరుతో ఒకడు కౌంటరు దగ్గరికి వచ్చాడు. టొరంటో నుంచి ముందుకు వాడికి సీటు ఖాయం కాలేదు. అయినా సంచిని నేరుగా ఢిల్లీకి పంపమన్నాడు. కుదరదంది కౌంటరు ఉద్యోగిని. వాడు పట్టుబట్టాడు, గొడవ పెట్టుకున్నాడు. వెనక వరస పెరుగుతోంది. ఆమె విసిగిపోయి సరేనంది. సంచి ఎక్కింది, మనిషి ఎక్కలేదు. టొరంటోలో ఎక్స్‌రే యంత్రం మొరాయించింది. చేతిలో పట్టుకునే పరికరంతో సామాను చూశారు. ఒక సంచి దగ్గర అది కూత పెట్టిందని, అయినా ఆ సంచిని పోనిచ్చారని తర్వాత విచారణలో సాక్ష్యం వచ్చింది.

ఇందులో యంత్రాల తప్పు సగమే. మిగతా సగం ఏమిటి? చిన్న జీతం మీద బతికే ఒక ఉద్యోగి "కుదరదు" అంది. గద్దించేవాడు గద్దించాడు. ఆ "కుదరదు" కాస్తా "సరే" అయింది. భద్రత అనే మండపానికి అసలు స్తంభం ఆ ఒక్క మాట. కోట్ల రూపాయల యంత్రాలన్నీ దాని మీది చెక్కడాలు. ఆ మాట నేలకు ఆనకపోతే ఎన్ని ద్వారాలు కీచుమన్నా స్తంభం వేలాడుతున్నట్టే.

మరి మన దేశంలో "కుదరదు" అనే మాటకు ఎంత మర్యాద ఉందో చూద్దాం.

మొదటి మర్యాద: కొందరితో ఆ మాట అననే కూడదని జాబితా రాసి ఇచ్చారు. రాష్ట్రపతి, ప్రధాని, ప్రధాన న్యాయమూర్తి, గవర్నర్లు, ముఖ్యమంత్రులు... విమానం ఎక్కేముందు సోదా అక్కరలేని వారి వరస అది. ఏ పదవీ లేని ఒక అల్లుడిగారి పేరు కూడా అందులో పేరుపెట్టి మరీ చాలాకాలం ఉండి, 2015 సెప్టెంబరులో గానీ పోలేదు. హోదాలున్న చోట ఒంటరిగా మెరిసిన ఆ పేరు రాబర్ట్ వాద్రా. దేశానికి అల్లుడైతే ఊరిబిండి కూడా ద్రవం కాదన్నమాట.

రెండో మర్యాద: జాబితాలో లేనివారు తమ జాబితా తామే రాసుకుంటారు. ఇందులో పార్టీ భేదం లేదు. 2015 నవంబరులో తిరుపతి విమానాశ్రయంలో విమాన సంస్థ మేనేజరుపై చేయి చేసుకున్నారన్న ఆరోపణతో వైఎస్సార్ కాంగ్రెస్ ఎంపీ మిథున్‌రెడ్డి ఆ మరుసటి జనవరిలో అరెస్టయ్యారు. 2017 మార్చిలో శివసేన ఎంపీ రవీంద్ర గైక్వాడ్ ఢిల్లీలో విమాన సంస్థ ఉద్యోగిని చెప్పుతో కొట్టి, పాతిక దెబ్బలని లెక్క కూడా తానే చెప్పారు. సంతలో నిమ్మకాయలనైనా ఇంత శ్రద్ధగా లెక్కపెట్టరు.

ఇక మా అనంత ఊరుకుంటుందా? 2017 జూన్ 15న, అప్పటి మా అనంతపురం ఎంపీ జె.సి. దివాకర్‌రెడ్డి విశాఖ విమానాశ్రయంలో హైదరాబాద్ విమానానికి ఆలస్యంగా వచ్చారు. కౌంటరు మూసేశామని సిబ్బంది చెప్పారు. ఆపైన ఏం జరిగిందో సీసీటీవీ పుణ్యాన దేశమంతా చూసింది. ప్రింటరు విసిరేశారని పత్రికలు రాశాయి. అప్పుడు కేంద్రంలో విమానయాన మంత్రి ఎవరు? ఎంపీగారి పార్టీకే చెందిన అశోక్ గజపతిరాజు. విమాన సంస్థలన్నీ ఒక్కటై ఎంపీగారిని ఎక్కించుకోబోమన్నాయి. ఆ పౌరుషం కొన్ని వారాలు నిలిచింది. మా వైపు వాన కంటే నయమే.

నా బాధ ప్రింటరు గురించి కాదు. కౌంటరు వెనక నిలబడిన ఆ పిల్లల గురించి. వాళ్ళు ఆరోజు చేసింది వాంకూవర్ ఉద్యోగిని మొదట చేసిన పనే. మూసిన కౌంటరును మూసే ఉంచాలనుకున్నారు. దానికి దొరికిన బహుమానం వాళ్ళు మర్చిపోరు. రేపు ఇంకొకడు గద్దిస్తే వాళ్ళ చేయి ముందు ప్రింటరును కాపాడుకుంటుంది, తర్వాత నిబంధనను. ఆ ఏడాది సెప్టెంబరులో కేంద్రం కొత్త నిబంధన తెచ్చింది. నోరు పారేసుకుంటే మూడు నెలల దాకా, చేయి చేసుకుంటే ఆరు నెలల దాకా, ప్రాణాల మీదికి తెస్తే రెండేళ్ళకు తక్కువ కాకుండా విమానం ఎక్కనివ్వరు. మంచిదే. కుక్కలు మొరిగాయి.

మూడో మర్యాద అన్నిటికంటే ఘనమైనది. మా కొడికొండకు ఒక్క దీర్ఘం తగిలిస్తే కోడి వస్తుంది. కోడి వెంట కత్తి వస్తుంది. 2018 అక్టోబరు 25న అదే విశాఖ విమానాశ్రయంలో, అప్పటి ప్రతిపక్ష నాయకుడు వై.ఎస్. జగన్మోహన్‌రెడ్డి మీద కోడిపందేల కత్తితో దాడి జరిగింది. జరిగింది వరసలో కాదు, చెత్తబుట్ట పక్కన కాదు. వీఐపీ లాంజ్‌లో! చేసింది ప్రయాణికుడు కాదు, విమానాశ్రయంలోని భోజనశాలలో పనిచేసేవాడు. అవ్వ సంచిలో ఊరిబిండిని పట్టుకున్న దేశంలో, సంక్రాంతికి పుంజు కాలికి కట్టే కత్తి దర్జాగా ప్రతిపక్ష నాయకుడి భుజం దాకా నడిచొచ్చింది.

ఆ తర్వాత రాష్ట్రం ఏం మాట్లాడుకుంది? ఒక పక్షం హత్యాయత్నమంది, ఇంకో పక్షం నాటకమంది. కత్తి పొడవెంత, గాయం లోతెంత, చేసినవాడు ఎవరి అభిమాని అని ఛానళ్ళు కొలిచాయి. 2019 జనవరిలో కేసు ఎన్ఐఏ చేతికి పోయింది. నిందితుడు ఏళ్ళ తరబడి జైల్లో ఉండి 2024 ఫిబ్రవరిలో బెయిలు తెచ్చుకున్నాడు. "కోడికత్తి" అన్నది తెలుగు రాజకీయాల్లో తిట్టుగా, హాస్యంగా, ఎన్నికల ఉపన్యాసంగా స్థిరపడింది. మా ఊరి టీకొట్టు దగ్గర ఒక ముసలాయన మాత్రం అడగాల్సింది అడిగాడు: "అది సరేలేప్పా, కత్తి యా వాకిలి నుంచి వచ్చె?" ఏ పార్టీ ఉపన్యాసంలోనూ నాకు ఆ ప్రశ్న వినబడలేదు. ముందు వాకిలి దగ్గర ముగ్గురు అవ్వ డబ్బాను వాసన చూస్తుంటే, రోజూ వచ్చిపోయేవాళ్ళ వాకిలి దగ్గర "మనోడే కదా" అనే మాట కాపలా కాస్తుంది. సందు ఎప్పుడూ అక్కడే.

పక్కా తనిఖీకి ఒప్పుకున్న పెద్దవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. మాజీ రాష్ట్రపతి అబ్దుల్ కలాంను 2009 ఏప్రిల్‌లో ఢిల్లీలో ఒక అమెరికా విమాన సంస్థ సిబ్బంది సోదా చేశారు. జాబితా ప్రకారం చేయకూడదు. ఆయన కిక్కురుమనలేదు. మూడు నెలల తర్వాత సంగతి బయటికొచ్చి పార్లమెంటు దద్దరిల్లింది. ఊగిపోయింది ఆయన తరఫున మిగతావాళ్ళు. క్షిపణులు తయారుచేసిన మనిషికే తన ఒళ్ళు తడిమితే అవమానం అనిపించలేదు. మనకు మండలాధ్యక్షుడి బావమరిది బ్యాగు తెరిస్తే పరువు పోతుంది.

యంత్రాలు పెరుగుతున్నాయి కదా అంటారు. పెరుగుతున్నాయి. 2022 డిసెంబరులో ఢిల్లీ, బెంగళూరు, వారణాసిలలో డిజియాత్ర మొదలైంది. ముఖం చూసి లోపలికి వదిలే పద్ధతి. మాకేమీ కొత్తగా అనిపించలేదు. ముఖం చూసి వదలడం మన గేట్లలో తాతల నాటి నుంచి ఉన్నదే, ఇప్పుడు దానికి కెమెరా వచ్చింది. అదే ఏడాది నవంబరులో అయ్యప్ప భక్తులు ఇరుముడిలోని కొబ్బరికాయను చేతిసంచిలో తీసుకెళ్ళొచ్చని, 2023 జనవరి 20 దాకా అనుమతి ఇచ్చారు. భక్తిని తప్పుపట్టను, స్వామి శరణం. కానీ జనవరి 20న సాధుజంతువైన కొబ్బరికాయ 21న తెల్లారేసరికి ఎట్లా ప్రమాదకారి అయిందో ఆ హరిహరసుతుడికే ఎరుక.

తప్పంతా జవాన్ల మీదికి తోయడం నా ఉద్దేశం కాదు. ఎక్స్‌రే తెర ముందు కూర్చుని గంటకు కొన్ని వందల సంచుల పేగులు చూడటం తమాషా కాదు. కళ్ళు అలసిపోతాయని ఇరవై నిమిషాలకోసారి మనిషిని మార్చడం యూరప్‌లో పద్ధతి. ఏమరుపాటు రాకుండా యంత్రమే అప్పుడప్పుడు లేని తుపాకీ బొమ్మను సంచిలో చూపించి పరీక్షించే ఏర్పాటూ ఉంది. మనిషిని మేల్కొలిపే ఉపాయాలు లోకానికి తెలుసు. మన దగ్గర మనిషికి నేర్పేది వేరు. అవ్వను ఆపితే అడిగేవాడు లేడు, నాయకుణ్ణి ఆపితే సంజాయిషీ రాయాలి. రోజూ ఇదే పాఠమైతే ఎవడైనా అవ్వలనే ఆపుతాడు. అది అతని అశ్రద్ధ కాదు, మనం ఇచ్చిన శిక్షణ.

అమెరికా వాళ్ళు గొప్పవాళ్ళేమీ కాదు. 2015లో వాళ్ళ సొంత అధికారులే మామూలు ప్రయాణికుల వేషంలో నకిలీ బాంబులు, ఆయుధాలు పట్టుకుని విమానాశ్రయాల్లోకి పోయారు. 70 సార్లు ప్రయత్నిస్తే 67 సార్లు దాటిపోయారు. వాళ్ళ స్తంభమూ వేలాడేదే. ఆ లెక్క పత్రికలకెక్కింది, భద్రత సంస్థ అధిపతిని ఆ కుర్చీ నుంచి కదిలించారు. వాళ్ళు చేసిన మంచిపని ఒక్కటే: తువ్వాలు దూర్చి చూశారు. దూరింది అని సిగ్గుపడ్డారు. మనమైతే తువ్వాలు దూరడాన్ని వింతగా చూపించి టిక్కెట్టు పెడతాం.

అందుకని విమానయాన పెద్దలకు లేపాక్షి మీదుగా ఒక విన్నపం. సోదా అక్కరలేనివాళ్ళ జాబితాను చింపేయండి. ప్రధాని సంచి కూడా ఆ బెల్టు మీదే కదలనీయండి, ఆయన భద్రతకూ అదే మంచిది. ముందు వాకిలికి పెట్టిన కళ్ళలో సగం వెనక వాకిలికి పెట్టండి. చెప్పాపెట్టకుండా మీ మనుషుల్నే పంపి పరీక్షించండి. ఎన్నిసార్లు దొరికారో, ఎన్నిసార్లు దాటిపోయారో, ఆ రెండు అంకెలు ఏడాదికోసారి మాకు చెప్పండి. "కుదరదు" అన్న ఉద్యోగిని బదిలీ చేయకండి, మెచ్చుకోండి.

ఇక మనకు. పెద్దల్ని తిట్టడం తేలిక. ఆలస్యంగా వెళ్ళి, కౌంటరు మూశారంటే మనమేం చేస్తాం? జేబులోంచి ఫోను తీసి, "ఎమ్మెల్యేగారి పీఏతో మాట్లాడతావా?" అంటాం. ఇనుప పెట్టె బరువెక్కువైతే, "మనోళ్ళు ఎవరైనా ఉన్నారా లోపల?" అని ఆరా తీస్తాం. ఎంపీగారు ప్రింటరుతో చేశారన్న పనిని మనం ఫోనుతో చేస్తాం, అంతే తేడా.

మా అవ్వ అట్లా చేయలేదు. మా అన్న ఎవరికో ఫోను చేయబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. "వాని పని వాడు చేసినాడు, పోనీలేరా" అంది. రెండోసారి పోయేటప్పుడు ఊరిబిండిని పెద్దపెట్టెలో సర్దింది. అది క్షేమంగా చేరింది, మనవడు ముద్దలో నంజుకు తిన్నాడు.

ఈసారి కౌంటరు దగ్గర ఎవరైనా మీతో "కుదరదు" అంటే, ఫోను జేబులోనే ఉంచండి.